ఎవరి బండి వాళ్లది, రాత్రికి అందరం ఒకచోట: అలాస్కా హైవే మీద మా ఆర్వీ ప్రయాణం

అలాస్కా హైవే మీద ఆర్వీలో, అంటే పడకా వంటిల్లూ ఉన్న బండిలో, వెళ్లొచ్చామని చెప్పగానే తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే, ప్యాకేజీ గ్రూపుతో వెళ్లారా, మీ కుటుంబం ఒక్కటే వెళ్లిందా అని. రెండూ కాదు. డబ్బు కట్టి చేరే కారవాన్ టూర్లు ఉన్నాయి. ముందు నాయకుడి బండి, చివర మరమ్మతులు తెలిసిన మనిషి బండి, మధ్యలో బోలెడు ఆర్వీలు, ఏ పూట ఎక్కడ ఆగాలో ఎక్కడ తినాలో అన్నీ ముందే రాసి ఉంటాయి. అది మాకు సరిపడదనిపించింది. అలాగని చిన్నపిల్లలతో, గంటలకొద్దీ ఫోన్ సిగ్నల్ లేని రోడ్డు మీద ఒంటరిగా వెళ్లడానికి ధైర్యమూ చాలలేదు. చివరికి బయల్దేరేటప్పుడు రెండు బళ్లు, దారిలో కలిసినవి ఇంకో రెండు, అలా ఒకరికొకరు కట్టుబడీ కట్టుబడని ఒక గుంపుగా వెళ్లాం. ఆ పద్ధతి ఎలా నడిచిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. తోడు దొరకలేదని ఈ ప్రయాణాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నవాళ్లు మనలో చాలామంది నాకు తెలుసు.

మేం సియాటిల్ దగ్గర ఉంటాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. రెండో బండి పోర్ట్‌లాండ్‌లో ఉండే మా ఆయన స్నేహితుడిది, అతనూ భార్యా, వాళ్ల బాబూ, ఒంగోలు నుంచి వచ్చిన అతని అమ్మానాన్నా. ఆ పెద్దాయన్ని నేను బాబాయిగారనే పిలుస్తాను. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఈ రోడ్డు మాట ఇంట్లో వచ్చిన రోజు నుంచీ అందరికంటే ఎక్కువ ఉత్సాహం ఆయనదే.

రోడ్డు సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఇది కెనడాలో బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్‌లో మొదలై, యూకాన్ మీదుగా వెళ్లి అలాస్కాలో డెల్టా జంక్షన్ దగ్గర ముగుస్తుంది. 1942లో వేసిన ఈ రోడ్డు పాత మైలురాళ్ల లెక్కలో 1,422 మైళ్లు. తర్వాత వంపులు సరిచేస్తూ రావడంతో ఇప్పుడు 1,400 లోపే ఉంది. కానీ ఊళ్లనీ లాడ్జీలనీ ఇప్పటికీ పాత మైలు నంబర్లతోనే చెప్తారు కాబట్టి మన మీటరు లెక్క, బోర్డు మీది లెక్క ఎక్కడా కలవవు. మాకు సియాటిల్ నుంచి డాసన్ క్రీక్ చేరడానికే 800 మైళ్లకు పైన పట్టింది, అంటే అసలు హైవే మొదలయ్యేసరికే పెద్ద ప్రయాణం అయిపోయి ఉంటుంది.

ముందు కాగితాల సంగతి, మనవాళ్లకి ఇదే పెద్ద అడ్డు. అలాస్కా అమెరికాదే అయినా రోడ్డున వెళ్లాలంటే కెనడా దాటాలి. మాకు గ్రీన్ కార్డులున్నాయి, ఇండియన్ పాస్‌పోర్టుతో పాటు ఆ కార్డు చూపిస్తే కెనడా వీసా అక్కర్లేదు. మా స్నేహితుడు హెచ్1బీ మీద ఉన్నాడు, అతనికీ భార్యకీ, విజిటర్ వీసా మీద వచ్చిన బాబాయిగారికీ పిన్నిగారికీ కెనడా వీసా తీసుకోవాల్సిందే. చలికాలంలోనే అప్లై చేశారు కాబట్టి జూన్‌కి చేతికొచ్చాయి. పైగా అతని పాస్‌పోర్టులో హెచ్1బీ స్టాంపు గడువు దాటిపోయింది. అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 కాగితానికి గడువు ఉండి, 30 రోజుల్లోపు కెనడాకి మాత్రమే వెళ్లి తిరిగొస్తే కొత్త స్టాంపు లేకుండానే రానిచ్చే నిబంధన ఒకటి ఉంది, ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. లాయర్‌ని అడిగి నిర్ధారించుకుని, ఆ నిబంధన ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాడు. అయినా మళ్లీ అమెరికాలో అడుగుపెట్టేదాకా అతనికి టెన్షన్ తప్పలేదు, దారి పొడుగునా ఆ ఫైలు సీటు పక్కనే ఉంది.

బళ్లు రెండూ అద్దెవే, పాతిక అడుగుల మోటర్‌హోములు. అద్దెకిచ్చేవాళ్లని మొదట అడగాల్సింది రేటు కాదు, అలాస్కా హైవే మీదికి ఒప్పుకుంటారా అన్నది. కొందరు కంకర రోడ్డు అనగానే కుదరదంటారు. ఈ హైవే ఇప్పుడు మొత్తం తారు రోడ్డే, కానీ ఏటా వేసవిలో ఎక్కడో ఒకచోట తవ్వి బాగుచేస్తుంటారు, ఆ మేర కంకరే. మేం ఈ సంగతి వివరంగా రాసి, సరేనని మెయిల్లో జవాబు తెప్పించుకున్నాం. అద్దం మీద రాయి తగిలితే ఎవరు కట్టాలో కూడా అందులోనే తేల్చుకున్నాం, ఈ రోడ్డు మీద రాయి తగలకుండా తిరిగొచ్చే అద్దాలు తక్కువ.

సరుకులు వాంకూవర్ పక్కనున్న సర్రేలో కొన్నాం. అక్కడ మన కొట్లకి కొదవలేదు. డాసన్ క్రీక్ దాటాక మన పప్పూ ఉప్పూ దొరుకుతాయన్న ఆశ పెట్టుకోలేదు, అందుకే బియ్యం, కందిపప్పు, చింతపండు, ఇడ్లీ రవ్వ అన్నీ అక్కడే నింపేశాం.

డాసన్ క్రీక్‌లో మైలు సున్నా స్తంభం దగ్గర ఫొటోలు దిగుతుంటే, పికప్‌కి ట్రైలర్ తగిలించుకుని వచ్చిన ఒక రిటైర్డ్ జంట కలిశారు. కెనడాలోని సస్కాచువాన్ రైతులు. ఇంతకుముందు ఈ దారిలో వెళ్లినవాళ్లే. ఆ సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో పక్కపక్కనే పడ్డాం, మాటల్లో వాళ్ల దారీ మా దారీ అలాస్కాలోని టోక్ దాకా ఒకటేనని తేలింది. కలిసి వెళ్దామా అని అడిగింది మేమే. ఆయన వెంటనే సరేననలేదు. "కలిసి వెళ్లడం వల్లే సగం గుంపులు పాడవుతాయి" అన్నారు. ఒకరి వెనక ఒకరు వెళ్తే ముందువాడి వేగమే అందరి వేగం, ఒకరికి ఫొటో తీయాలనిపిస్తే అందరూ ఆగాలి, రెండు మూడు ఆర్వీలు వరసగా వెళ్తుంటే వెనక వచ్చే ట్రక్కు దాటడానికి చోటు దొరకదు, ఆ దుమ్మూ రాళ్లూ వెనకబండి అద్దానికే. అందుకని పగలు ఎవరి దారి వాళ్లది, రాత్రికి మాత్రం ఒకచోట అనుకున్నాం.

ఆ రాత్రి టేబుల్ దగ్గర కూర్చుని అనుకున్న మాటలే చివరిదాకా మమ్మల్ని నడిపించాయి. పొద్దున కాఫీ దగ్గర ఆ రాత్రి ఆగే చోటు ఒకటి, అది నిండిపోతే ఇంకొకటి చెప్పుకోవాలి. రోజుకొకరు వెనకబండి, అంటే ఆ బండి అందరూ కదిలాకే కదలాలి, దారి పక్కన మనవాళ్లెవరైనా ఆగి కనిపిస్తే పలకరించకుండా దాటి వెళ్లకూడదు. సాయంత్రం ఎనిమిదికి ఎవరైనా చేరకపోతే వెతకడానికి ఒక్క బండి మాత్రమే వెనక్కి వెళ్లాలి, అందరూ పరిగెత్తకూడదు. పెట్రోలు ట్యాంకు సగానికి రాగానే దొరికినచోట నింపుకోవాలి, ధర చూడకూడదు. ఎవరి ఖర్చు వాళ్లది. ఇంకోటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఎవరైనా ఈ రోజు మేం ఇక్కడే ఉండిపోతాం అంటే ఎందుకని అడగకూడదు, మనసు కష్టపెట్టుకోకూడదు. మన పెళ్లిళ్లకీ తీర్థయాత్రలకీ గుంపుగా వెళ్లి అలవాటైనవాళ్లకి ఇది కొంచెం కష్టం. పిన్నిగారు మొదట్లో ట్రైలర్ వాళ్లు కనిపించకపోతే ఊరుకునేవారు కాదు, "మనమీద కోపమొచ్చిందేమో కనుక్కోవే" అని నన్ను పంపేవారు. ఫోర్ట్ నెల్సన్ చేరేసరికి ఆవిడకీ అలవాటైపోయింది.

ఫోర్ట్ నెల్సన్ దాకా రోడ్డు బాగుంటుంది, లారీలు ఎక్కువ. అక్కడక్కడా కాలిపోయిన అడవి. ఆ ఊరినే 2024 మేలో కార్చిచ్చు వల్ల మొత్తం ఖాళీ చేయించారు. బాబాయిగారు సికానీ చీఫ్ నది దగ్గర ఆగాల్సిందేనని పట్టుబట్టారు. కారణం ఉంది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత అలాస్కాకి నేలదారి లేదన్న భయంతో అమెరికా సైన్యం 1942 మార్చిలో ఈ పని మొదలుపెట్టి అక్టోబర్‌కల్లా రోడ్డు కలిపేసింది. పనిచేసిన పదివేలకు పైగా సైనికుల్లో దాదాపు మూడోవంతు నల్లజాతివాళ్లు, వాళ్లని వేరే రెజిమెంట్లుగా విడదీసి ఉంచారు. వాళ్లలో 95వ రెజిమెంట్ ఈ నది మీద చెక్క వంతెనని 84 గంటల్లోపే కట్టేసింది. చల్లటి నీళ్లలో ఛాతీలోతున నిలబడి కట్టారు. ఇప్పుడున్నది ఆ వంతెన కాదు, అయినా బాబాయిగారు ఒడ్డున నిలబడి పిల్లలకి చెప్తుంటే నేనూ విన్నాను. తన సర్వీసులో చిన్న కల్వర్టు శాంక్షన్‌కే రెండు వానాకాలాలు పోయేవని, యుద్ధం అయితే తప్ప ఇంత వేగం రాదని, ఆ వేగానికి ఎవరి ఒళ్లు ఖర్చయిందో కూడా గుర్తుపెట్టుకోవాలని అన్నారు. పిల్లలు ఏం గుర్తుపెట్టుకున్నారో గానీ నాకు మాత్రం ఆ తర్వాత ప్రతి వంతెన దగ్గరా ఆ మాట గుర్తొచ్చింది.

ఫోర్ట్ నెల్సన్ తర్వాత అసలు కొండలు. సమ్మిట్ లేక్ దగ్గర ఈ హైవేలోకెల్లా ఎత్తు, 1,295 మీటర్లు. అక్కణ్నుంచి దిగుతుంటే బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకూడదు, గేరు తగ్గించి దిగాలి, లేకపోతే ఇంత బరువు బండికి బ్రేకులు వేడెక్కిపోతాయి. రోడ్డు మీద ఉప్పు నాకడానికి కొండగొర్రెలు వస్తాయి, మలుపు తిరగ్గానే మధ్యలో నిలబడి ఉంటాయి. ఫోన్ సిగ్నల్ పోయిందంటే పోయిందే. వాకీటాకీలు కొండ అడ్డం వస్తే మైలు దూరం కూడా పలకవు. ట్రైలర్ వాళ్ల దగ్గరా మా దగ్గరా శాటిలైట్ మెసెంజర్లు ఉండేవి, ఆకాశం తెరిపిగా ఉంటే చిన్న మెసేజ్ వెళ్తుంది.

ఆ రోజు రాత్రికి లియార్డ్ వేడినీటి బుగ్గల దగ్గర ఆగాలి. వెనకబండి మాది. మంచో లేక్ పక్కన కొండ అంచునే రోడ్డు వెళ్తుంది, పచ్చరాయి రంగు నీళ్లు, పిల్లలు వదలరు, మేం ఒడ్డున చాలాసేపు ఉండిపోయాం. తర్వాత లియార్డ్ చేరితే మా స్నేహితుడి బండి ఉంది, ట్రైలర్ లేదు. మేం దారిలో వాళ్లని దాటిన గుర్తు లేదు. అంటే వాళ్లు ఎక్కడో పక్కకి తిరిగి ఉండాలి. ఇంతలో మెసెంజర్ మోగింది. ట్రైలర్ టైరు పేలింది, అంతా క్షేమం, టోడ్ రివర్ అనే ఊరికి ఇవతల. మధ్యాహ్నం వాళ్లు ఒక లోయ దారిలోకి నడవడానికి వెళ్లి, మేం దాటిపోయాక రోడ్డెక్కారు.

అనుకున్న ప్రకారం ఒక్క బండే వెళ్లాలి. పిల్లల్ని పిన్నిగారి దగ్గర వదిలి, మా ఆయన, బాబాయిగారు మా బండిలో వెనక్కి వెళ్లారు. జూన్ కాబట్టి రాత్రి పది దాటినా వెలుతురే, అదొక్కటే నాకు ధైర్యం. అయితే ఆ చుట్టుపక్కల బైసన్ అనే అడవి దున్నల మందలు రోడ్డు మీదే పడుకుంటాయి, వాటి గోధుమరంగు మసక వెలుతురులో కనపడదు. వీళ్లు వెళ్లేసరికి అప్పటికే రెండు బళ్లు ఆగి ఉన్నాయట, ఒకటి లారీ, ఇంకోటి ఇద్దరు అమ్మాయిల క్యాంపర్ వ్యాన్. ఆ దారిలో ఆగి ఉన్న బండిని పలకరించకుండా ఎవరూ పోరు, అది మేం ప్రయాణమంతా చూశాం. టైరు పేలినప్పుడు చక్రం మీది రేకు చిరిగి, దిగువన ఉన్న గ్యాస్ పైపుని ఒంచేసింది. లారీ ఆయన జాకీ పెట్టి ఎత్తారు, స్టెప్నీ వేశారు, గ్యాస్ సిలిండర్లు రెండూ కట్టేసి, రేకు కత్తిరించి, మెల్లగా తీసుకొచ్చారు. అందరూ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నేను అన్నం, చారు సిద్ధంగా ఉంచాను. వ్యాన్ అమ్మాయిలు కూడా వాళ్ల వెనకే వచ్చేశారు. క్యూబెక్ నుంచి బయల్దేరారట. అలా నాలుగో బండి కలిసింది, ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

మర్నాడు ఎవరూ కదల్లేదు. లియార్డ్‌లో వెచ్చటి నీటి చిత్తడి నేల మీదుగా చెక్కబాట వేశారు, దాని మీద నడిచి వెళ్తే అడవి మధ్యలో వేడి కొలను. 42 నుంచి 52 డిగ్రీల దాకా ఉంటాయి ఆ నీళ్లు, బుగ్గ వైపు పోయేకొద్దీ ఒళ్లు కాలుతుంది. పిన్నిగారు మెట్ల మీద కూర్చుని మోకాళ్లదాకా నీళ్లలో పెట్టి, "ఇంతదూరం వచ్చినందుకు ఇది చాలు నాకు" అన్నారు. రెండు పూటలా వెళ్లి కూర్చున్నారు. అక్కడ ఎలుగుబంట్లు నిజంగానే తిరుగుతాయి, 1997లో వాటి దాడిలో మనుషులు చనిపోయారు కూడా. అందుకని వంట విషయంలో గట్టిగా ఉండేవాళ్లం. తాలింపు ఆర్వీ లోపలే, కిటికీలు మూసి, తిన్న వెంటనే గిన్నెలు కడిగేసి, చెత్త ఎలుగు తెరవలేని ఇనుప డబ్బాల్లో. బయట టేబుల్ మీద పచ్చడి సీసా కూడా ఉంచలేదు.

వాట్సన్ లేక్‌లో బోర్డుల అడవి ఉంది. 1942లో గాయపడ్డ ఒక సైనికుడు, కార్ల్ లిండ్లీ, దిక్కుల గుర్తుల స్తంభం బాగుచేయమంటే, ఇల్లినాయ్‌లోని తన ఊరు డాన్‌విల్ ఎటువైపు ఎంత దూరమో రాసి కొట్టాడు. అది చూసి వచ్చినవాళ్లంతా తమ ఊరి బోర్డులు కొట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడవి 80,000 దాటాయి. బాబాయిగారు ఒంగోలు నుంచే తెలుగులో ఊరి పేరు రాయించిన రేకు తెచ్చుకున్నారు, మన జాతీయ రహదారి మైలురాయి మాదిరి పైన పసుపు, కింద తెలుపు. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చారట. ట్రైలర్ ఆయన నిచ్చెన పట్టుకున్నారు, బాబాయిగారు మేకు కొట్టారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే అర్థమవుతుంది, కానీ ట్రైలర్ టైరు రాత్రి నుంచి ఎక్కడ చూసినా ఇద్దరూ కలిసే ఏదో ఒక బండి కింద తొంగిచూస్తూ కనపడేవారు.

యూకాన్‌లో పగలైనా హెడ్‌లైట్లు వేసుకునే నడపాలి, అది చట్టం. అక్కడి ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు నాకు చాలా నచ్చాయి. కరెంటు ఉండదు, కుళాయి ఉండదు, కానీ రుసుములోనే కట్టెలు ఇచ్చేస్తారు. కరెంటు లేని రాత్రులు రెండు మూడు కాగానే నీళ్ల ట్యాంకు ఖాళీ అవుతుంది, మురుగు ట్యాంకు నిండుతుంది, అప్పుడు కరెంటూ, మురుగు వదిలే డంప్ స్టేషనూ ఉన్నచోట ఒక రాత్రి. ఈ లెక్క ఆడవాళ్లకే ముందు తెలుస్తుంది, ఎందుకంటే గిన్నెలు కడిగేది మేమే. స్నేహితుడి బండిలో ఐదుగురు కాబట్టి వాళ్ల ట్యాంకు ఎప్పుడూ మాకంటే ముందే నిండేది, వాళ్లు విడిగా ఊళ్లోకెళ్లి ఆగేవాళ్లు. మన గుంపు ఒక్కసారిగా ఆగనక్కర్లేదు అన్న మాట ఇలాంటి చోట ఎంత ఉపయోగపడిందో చెప్పలేను.

వైట్‌హార్స్‌లో అందరం పనులు చూసుకున్నాం. ట్రైలర్‌కి గ్యాస్ పైపు మార్పించారు, కొత్త టైర్లు కొన్నారు. మేం బట్టలు ఉతుక్కున్నాం. సంతలో ట్రైలర్ ఆవిడ రూబార్బ్ కట్టలు కొని తెచ్చారు, ఎర్రటి కాడలు, పుల్లగా ఉంటాయి, వాళ్లు చక్కెర వేసి 'పై' అనే తీపి వంటకం చేసుకుంటారు. ఆకులు మాత్రం విషం, కాడలే వాడాలి. పిన్నిగారు ఒక ముక్క కొరికి చూసి, కందిపప్పులో వేసి ఉడికించి, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు పెట్టారు. అచ్చం గోంగూర పప్పే. ఆ రాత్రి వ్యాన్ అమ్మాయిలు గిన్నె అడుగు దాకా తిన్నారు, ట్రైలర్ ఆవిడ ఎలా చేయాలో కాగితం మీద రాసుకున్నారు.

హేన్స్ జంక్షన్ దగ్గర వ్యాన్ అమ్మాయిలు విడిపోయారు. క్లువానీ జాతీయవనంలో కొండలెక్కాలని ముందు నుంచీ వాళ్ల ఆలోచన, కెనడాలోకెల్లా ఎత్తయిన మౌంట్ లోగన్, 5,959 మీటర్లు, ఆ వనంలోదే, రోడ్డు మీంచి మాత్రం కనపడదు. పొద్దున కాఫీ దగ్గర చెప్పారు, మధ్యాహ్నానికి వెళ్లిపోయారు.

క్లువానీ సరస్సు మొదట్లో గాలి లేచి, బూడిదరంగు దుమ్ము రోడ్డు మీదికి కొట్టింది. ఎండిన నది అడుగు అది. స్లిమ్స్ అనే ఆ నదికి కాస్కావుల్ష్ హిమానీనదం కరిగిన నీళ్లే ఆధారం. మంచు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ 2016లో నీళ్లు వేరే లోయలోకి మళ్లిపోయాయి, సరస్సులోకి రావాల్సిన నీరు ఇంకోవైపు పసిఫిక్‌లోకి పోతోంది. కృష్ణా నీళ్లు రాని ఏడాది కాలవ చివరి భూములు ఎలా ఉంటాయో చూసిన ఊరి మనుషులం మేమంతా. ఇక్కడ గేటు మూసింది ఎవరూ లేరు, కొద్దిరోజుల్లోనే నది దారి మారిపోయింది. బాబాయిగారు చాలాసేపు మాట్లాడలేదు.

అక్కణ్నుంచి సరిహద్దు దాకా మొత్తం ప్రయాణంలోకెల్లా గతుకుల దారి. డిస్ట్రక్షన్ బే దాటాక నేల అడుగున శాశ్వతంగా గడ్డకట్టిన మంచు ఉంటుంది. పైనున్న నాచు పొర తీసి నల్లటి తారు వేస్తే ఎండ వేడి లోపలికి దిగి, ఆ మంచు కరిగి, రోడ్డు అలలు అలలుగా కుంగిపోతుంది. 1942లో కూడా మొదట బుల్‌డోజర్లతో నాచు గీకేసి, బురదలో యంత్రాలు దిగబడి, ఆ తర్వాత నాచుని అలాగే ఉంచి దాని మీద దుంగలు పరిచి వేశారు. దూరం నుంచి ఆ అలలు కనపడవు. రోడ్డు పక్కన చిన్న జెండాలు, తారు రంగులో తేడా, ముందువాళ్ల టైరు గీతలు, వీటిని బట్టి పట్టుకోవాలి. నేనే నడుపుతున్నాను అప్పుడు, గంటకి 35 మైళ్లు దాటలేదు. ఆర్వీకి వెనక చక్రాల తర్వాత చాలా పొడవు ఉంటుంది, ముందు చక్రం మెత్తగా దాటినా వెనకభాగం ఎగిరిపడుతుంది. స్నేహితుడి బండిలో అలమర గొళ్లెం ఊడి కందిపప్పు సీసా పగిలింది. ఇక్కడ మాత్రం మేం నియమం మార్చుకుని దగ్గర దగ్గరగా, వాకీటాకీ అందే దూరంలో నడిచాం. ముందున్న ట్రైలర్ ఆయన "పెద్దది, ఎడమవైపు" అని చెప్తుంటే వెనక మేం తగ్గించుకునేవాళ్లం. ఎప్పుడు విడిగా నడవాలో ఎప్పుడు కలిసి నడవాలో రోడ్డే చెప్తుంది, ముందే రాసిపెట్టుకుంటే లాభం లేదు.

తాజా కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు కాబట్టి బీవర్ క్రీక్‌లో మిగిలిందంతా పులిహోరలో వేసేశాం. 1942 అక్టోబర్‌లో దక్షిణం నుంచీ ఉత్తరం నుంచీ వచ్చిన రెండు రోడ్డు జట్లు కలిసింది ఆ దగ్గర్లోనే. అటువైపు నుంచి బుల్‌డోజర్ మీద వచ్చినవాడు 97వ రెజిమెంట్ కార్పొరల్ రిఫైన్స్ సిమ్స్, నల్లజాతి సైనికుడు, ఇటువైపు నుంచి వచ్చినవాడు తెల్ల సైనికుడు ఆల్‌ఫ్రెడ్ జలుఫ్కా. విడదీసి పంపినవాళ్లు అడవి మధ్యలో ఎదురుపడి చేతులు కలుపుకున్నారు.

సరిహద్దు దగ్గర మా స్నేహితుడి ఫైలుకి పని పడింది. ఆఫీసర్ లోపలికి రమ్మన్నారు, పాస్‌పోర్టు, ఐ-94, నిబంధన ప్రింటు అన్నీ చూశారు, ఎవరితోనో మాట్లాడారు. మేం బయట బండ్లలో కూర్చున్నాం, ట్రైలర్ వాళ్లకి ఆగాల్సిన పని లేకపోయినా ఆగారు. అరగంట తర్వాత బయటికొచ్చి బొటనవేలు ఎత్తి చూపించాడు. పిన్నిగారు అక్కడికక్కడే వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకున్నారు.

టోక్‌లో ట్రైలర్ వాళ్లు ఆంకరేజ్ వైపు తిరిగారు, మేం హైవే చివరిదాకా వెళ్లాం. దారిలో గర్‌స్టల్ నది వంతెన వస్తుంది. 1993లో దానికి ఈ రోడ్డు వేసిన నల్లజాతి సైనికుల జ్ఞాపకంగా పేరు మార్చారు. బాబాయిగారు అడగకముందే మా ఆయన బండి పక్కకి తీశారు. డెల్టా జంక్షన్‌లో చివరి స్తంభం దగ్గర రెండు కుటుంబాలూ ఫొటో దిగాం.

తిరుగుదారిలో కూడా ఎవరి దారి వాళ్లదే. బాబాయిగారి విమానం టికెట్టు దగ్గర పడింది కాబట్టి వాళ్లు వచ్చిన దారినే తొందరగా వెళ్లిపోయారు. మేం వాట్సన్ లేక్‌కి కొంచెం ముందే కాసియార్ హైవే పట్టుకుని దక్షిణానికి దిగాం, అది ఇంకా ఇరుకు, ఇంకా నిర్మానుష్యం, కానీ అప్పటికి మాకు భయం పోయింది. అద్దం మీద రాళ్ల దెబ్బలు రెండు, మెయిల్లో రాసుకున్న ప్రకారమే తేలిపోయాయి.

ట్రైలర్ వాళ్లు వచ్చే వేసవిలో డెంప్‌స్టర్ హైవే మీద ఇనువిక్, అక్కణ్నుంచి 2017లో వేసిన రోడ్డు మీద సముద్రం ఒడ్డున ఉన్న టుక్టోయాక్టుక్ దాకా వెళ్తారట. రమ్మని మెసేజ్ పెట్టారు. అదంతా కంకర రోడ్డు, అద్దె మోటర్‌హోములని చాలామంది దాని మీదికి రానివ్వరు. వైట్‌హార్స్‌లో పికప్ ట్రక్కు అద్దెకిచ్చేవాళ్లని మా ఆయన వెతుకుతున్నారు. ఒంగోలు నుంచి బాబాయిగారు ఆ రోడ్డు కింద మంచు కరక్కుండా ఎంత మందాన మట్టి పోశారో కనుక్కోమని నిన్ననే ఫోన్ చేశారు.